పద్నాలుగు రోజుల పొట్లాలు

పొట్లాలబ్బాయి తూకంలో కక్కుర్తిపడి సొంత తమ్ముణ్ణి పస్తులతో చంపాడని మా వీధిలో ఒక మాట తిరుగుతోంది. సంచుల షాపు దగ్గర పుట్టింది, పాల బూత్ దగ్గర నడక నేర్చుకుంది, మా గుమ్మం దాకా వచ్చేసరికి దానికి కోరలు కూడా మొలిచాయి. రోజుకి నూట యాభై గ్రాములు నొక్కేశాడట. నొక్కేసింది మూటగట్టి ఇంకొకళ్ళకి అమ్ముకున్నాడట. తమ్ముడి ఆస్తి మీద కన్నేశాడని కూడా ఒకావిడ అంది. ఆ తమ్ముడి ఆస్తల్లా ఒక కుట్టుమిషను, ఒక జత బూట్లు.

తూకం సంగతి అబద్ధం. ఎలా అబద్ధమో ఇక్కడ రాస్తాను. నేను చదివింది ఐదో తరగతే గానీ కూడికలూ తీసివేతలూ ఎక్కాలూ వచ్చు, ఈ గొడవకి అంతకంటే పెద్ద చదువు అక్కర్లేదు. రాస్తున్నానని అతనికి చెప్పే రాస్తున్నాను. "రాస్తే మొత్తం రాయి పిన్నీ, సగం రాయకు" అన్నాడు.

మా వీధి చివర బస్సు ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ముందుకు రోడ్డు లేదు, కొండల్లోకి కాలిబాట ఒక్కటే. అవతలి వైపు దిగడానికి పద్నాలుగు రోజులు పడుతుంది. మధ్యలో తల దాచుకోవడానికి నాలుగు రాతి గదులు ఉన్నాయట, అంతే. దుకాణం లేదు, హోటలు లేదు. పద్నాలుగు రోజుల తిండీ వీపున మోసుకుపోవాల్సిందే. ఇంత కష్టపడి ఎందుకు నడుస్తారని బస్సు దిగిన ప్రతివాళ్ళనీ అడిగాను. "ఊరికే అమ్మా" అంటారు. "ఊరికే అయితే మా డాబా మెట్లు రోజుకి వందసార్లు ఎక్కి దిగండి, నీళ్ళు మోసినట్టూ ఉంటుంది" అని ఒకతనితో అన్నాను. అతను నవ్వి, పొట్లాలబ్బాయి ఇల్లెక్కడ అని అడిగాడు. వచ్చినవాళ్ళందరూ చివరికి అడిగేది అదే.

పేరుకి అబ్బాయి గానీ అతనికి యాభై మూడేళ్ళు. తల సగం నెరిసింది, ఎడమ మోకాలు వంగదు. వెనకటికి నూలు మిల్లు క్యాంటీన్‌లో వంట చేసేవాడు. ఉడుకుతున్న గిన్నె జారి కాలు మీద పడింది. కాలు సగం నయమయ్యేసరికి మిల్లు మూతపడింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని నేను కనీసం ఇరవైసార్లు అడిగి ఉంటాను, ఒక్కసారీ సరైన జవాబు రాలేదు. మిల్లు గోడౌన్ వెనక రెండు గదులు అద్దెకి తీసుకుని, నడిచేవాళ్ళకి తిండి ఎండబెట్టి పొట్లాలు కట్టే పని మొదలుపెట్టాడు.

ముందు గదిలో బీరువా లాంటి చెక్కపెట్టె ఉంటుంది. కింద ఫ్యానూ వేడి తీగలూ, పైన పన్నెండు జల్లెడ పళ్ళేలు. పగలంతా అది గుర్రుమంటూనే ఉంటుంది. వండిన అన్నాన్ని ఆ పళ్ళేల్లో పలచగా పరిచి, గులకరాళ్ళలా గలగలలాడేదాకా ఎండబెడతాడు. వేడినీళ్ళు పోసి మూతపెడితే పది నిమిషాల్లో అది మళ్ళీ అన్నమవుతుంది. పప్పు ఉడికించి, మెదిపి, ఎండబెట్టి పొడి చేస్తాడు. టమాటాలు చిక్కగా ఉడికించి కాగితంలా పరిస్తే ఎండాక తోలులా ఊడివస్తుంది. మొదటిసారి చూసినప్పుడు చెప్పులు కూడా కుడుతున్నాడేమో అనుకున్నాను. మాంసం సన్నగా కొట్టి, చుక్క కొవ్వు లేకుండా వేయించి ఆరబెడతాడు. కొవ్వుంటే దారిలో కంపుకొడుతుందట. నూనె మాత్రం చిన్న సీసాలో విడిగా ఇస్తాడు. మోసే బరువు తక్కువ, ఇచ్చే బలం ఎక్కువ అంటాడు.

"అంతా ఇలా పీల్చేస్తే రుచేం మిగుల్తుంది నాయనా?" అన్నానోసారి.

"నీళ్ళు కొండ మీద ఉచితంగా దొరుకుతాయి పిన్నీ. ఇక్కణ్ణుంచి మోసుకెళ్ళడం ఎందుకు? రుచి ఇదిగో, ఇక్కడుంది" అని చిటికెడంత చిన్న చిన్న కాగితపు చుట్టలు చూపించాడు. ఒకదాంట్లో ఉప్పూ కారం, ఒకదాంట్లో పులుపు, ఇంకోదాంట్లో పంచదార. రోజూ ఒకే రుచి తింటే నాలుక విసుగెత్తి, ఆకలి ఉన్నా ముద్ద దిగదట. ఏడెనిమిది రోజులు నడిచినవాడికి చిటికెడు పులుపు కోసం ఏడుపు వస్తుందని చెప్పాడు.

వీధిలో పిల్లలు అతన్ని చూస్తే పరిగెత్తేవారు. కదలకుండా నిలబడితే నిన్నూ పళ్ళెంలో పరిచి ఆరబెడతాడని ఒకళ్ళనొకళ్ళు బెదిరించుకునేవాళ్ళు. అతను విని కూడా విననట్టు పోయేవాడు.

అతను ఆ దారిలో ఒక్కరోజు కూడా నడవలేదు. ఆ మోకాలితో నడవలేడు. మరి కొండ మీద ఆకలి సంగతి ఎలా తెలుసంటే, తిరిగొచ్చినవాళ్ళని తినగా మిగిలింది తెచ్చి ఇమ్మంటాడు. ఖాళీ కవర్లతో సహా. ఏ రోజుది ఎంత మిగిలింది, ఏది ముట్టుకోలేదు, ఏది నాకి మరీ తిన్నారు, అన్నీ చూసుకుంటాడు. పదకొండేళ్ళుగా అదే పని. ప్రతి పొట్లం మీదా రోజు అంకె వేస్తాడు, ఒకటి నుంచి పద్నాలుగు. అంకె లేని పొట్లం ఇంకొకటి ఉంటుంది. దాన్ని వానపొట్లం అంటాడు. దారి మూసుకుపోయి ఇరుక్కుంటే తినడానికి. వేరుశనగలు, ఖర్జూరాలు, పాలపొడి, పంచదార, కరిగించి గడ్డకట్టించిన వెన్న. పొయ్యి వెలగకపోయినా నమలొచ్చు. సరిగ్గా కిలో.

తమ్ముడిది వేరే రకం. అన్నకంటే పదేళ్ళు చిన్న. సంచుల షాపులో పని, నడిచేవాళ్ళ వీపుసంచులు కుట్టేవాడు, పోయిన జిప్పులు మార్చేవాడు. ఒకరు సంచి కుడితే ఒకరు సంచి నింపేవారు. ఏడాదికోసారి తనూ ఆ దారి నడిచి వచ్చేవాడు. మనిషి చలాకీ, నోరు అంతకంటే చలాకీ. అన్న పొట్లాలని రంపపు పొట్టు అనేవాడు. పొట్లాలబ్బాయి సాయంత్రం భోజనం మాత్రం తమ్ముడింట్లోనే. మరదలు ఇస్త్రీ దుకాణం కట్టేసి వచ్చి వండేది, ముగ్గురూ కలిసి తినేవారు. పొద్దంతా ఊరివాళ్ళకి వండేవాడు తడి ఉన్న అన్నం తినేది ఆ ఒక్కపూటే.

పోయిన ఏడాది చివర్లో తమ్ముడూ, స్కూల్లో బొమ్మలు నేర్పే డ్రాయింగు మాస్టారూ కలిసి బయల్దేరారు. ముందురోజు సాయంత్రం అన్న గదిలోనే సంచులు సర్దుకున్నారు. నేను అక్కడే ఉన్నాను. పిలవలేదు, వెళ్ళాను. తమ్ముడు సంచి ఎత్తి చూసి మూలిగాడు.

"అన్నయ్యా, ఇది సంచి కాదు, నువ్వు నా వీపు మీద దుకాణం పెడుతున్నావు. ఆ వానపొట్లం తీసెయ్."

"అది తియ్యను."

"ఏడుసార్లు వెళ్ళొచ్చాను. ఒక్కసారి విప్పానా దాన్ని?"

"విప్పకుండా తిరిగి తెస్తే నాకు సంతోషమే."

తమ్ముడు మాస్టారి వైపు తిరిగి నవ్వాడు. "చూశారా మాస్టారూ, మంచం దిగనివాడు కొండెక్కేవాడికి ఆకలి గురించి పాఠం చెప్తున్నాడు."

మాస్టారు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. పొట్లాలబ్బాయి నూనె సీసా మూత బిగించి, టీ పెడతానని లోపలికి వెళ్ళాడు. మరునాడు పొద్దున్నే బస్సులో ఎక్కువమంది దిగారు, ఆ జనంలోంచి వాళ్ళిద్దరూ కాలిబాట పట్టారు. మాస్టారి సంచి పట్టీ తెగితే తమ్ముడు కుట్టేదాకా బస్సు దగ్గర గంటసేపు ఆగారని తర్వాత తెలిసింది.

తొమ్మిదో రోజు వాన మొదలైంది. పదో రోజు వాళ్ళు మూడో రాతి గది చేరేసరికి ముందున్న దారి కొట్టుకుపోయింది. మూడు రోజులు గదిలోనే కూర్చున్నారు. పద్నాలుగో పొట్లం అయిపోయేసరికి నడక ఇంకా మూడు రోజులు మిగిలింది. మాస్టారి సంచిలో వానపొట్లం ఉంది, దాన్నే ఇద్దరూ పంచుకున్నారు. తమ్ముడి సంచిలో లేదు. పదిహేడో రోజు మధ్యాహ్నం, అవతలి ఊరి పొగ కనబడే మలుపులో, ఒక్క నిమిషం కూర్చుంటానని అతను రాయి మీద కూర్చున్నాడు. మాస్టారు కిందకి వెళ్ళి మనుషుల్ని తెచ్చేసరికి అయిపోయింది. ఖాళీ కడుపు మీద చలి పట్టుకుంటే ఒంట్లో వేడి నిలవదని డాక్టరు చెప్పాడట.

ఆ తర్వాత వారానికి సంచుల షాపాయన ఒక పని చేశాడు. తన దగ్గర అమ్మకానికి ఉన్న పొట్లాల కట్టలోంచి రెండో రోజుది తీసి తూచాడు. ఐదువందల యాభై గ్రాములు. గోడ మీద పొట్లాలబ్బాయి రాయించిన బోర్డులో ఏముంది? రోజుకి ఏడువందల గ్రాముల లెక్కన పద్నాలుగు రోజులు. అంటే నూట యాభై తక్కువ. పద్నాలుగు రోజులకి రెండు కిలోల పైన. ఏడువందల లెక్కన మూడు రోజుల తిండి! వాళ్ళు ఇరుక్కుపోయింది ఎన్నాళ్ళు? సరిగ్గా మూడు రోజులు. లెక్క అంత చక్కగా కుదిరిపోయాక ఇంకొక్క పొట్లం తూచాలని ఎవరికి తోస్తుంది? షాపాయన తూచలేదు. బోర్డు మాత్రం పీకేశాడు.

మరదలు ఆ సాయంత్రమే తలుపు గడియ పెట్టేసింది. పొట్లాలబ్బాయి గుమ్మం ముందు కాసేపు నిలబడి వెనక్కి వచ్చేశాడు. అప్పణ్ణుంచీ తన పొట్లాల్లోదే వేడినీళ్ళు పోసుకుని తింటున్నాడు. నడిచేవాళ్ళు కూడా రావడం మానేశారు. బస్సు దిగినవాళ్ళకి షాపాయనే చెప్పేవాడు, అక్కడ మాత్రం కొనకండని. పన్నెండు పళ్ళేల్లో మూడే నిండేవి. ఇంత జరుగుతున్నా అతను పెదవి విప్పలేదు. ఎవరైనా మొహం మీదే అన్నా, తల వంచుకుని కుంటుకుంటూ పోయేవాడు. అది చూసి వీధివాళ్ళు, తప్పు చెయ్యకపోతే నోరెందుకు లేవదు అన్నారు. నాకూ ఒక పూట అనుమానం వచ్చిందని ఒప్పుకుంటాను.

మూడు నెలలు ఓపిక పట్టాను. అది నాకు రికార్డు. తర్వాత ఒక మధ్యాహ్నం చెంగు బిగించి వెళ్ళాను.

"కాటా ఇలా తే" అన్నాను.

"ఏంటి పిన్నీ, తనిఖీకి వచ్చావా?"

"తనిఖీవాళ్ళు టీ అడుగుతారు. నేను అదీ అడగను. తే."

"వదిలెయ్. అనుకునేవాళ్ళని అనుకోనీ."

"వీధి అనుకుంటే వీధి నోరే నొప్పెడుతుంది. నీ మరదలు అనుకుంటోంది చూడు, దాని సంగతేంటి?"

కాటా తెచ్చి బల్ల మీద పెట్టాడు. మూలనున్న అట్టపెట్టెలో ఒక పూర్తి కట్ట ఉంది. ఈ గొడవ పుట్టకముందు ఇద్దరు ఆడవాళ్ళు చేయించుకుని, తర్వాత వద్దన్న కట్ట. సీళ్ళు చెక్కుచెదరలేదు. ఒకటో రోజుది పెట్టాను. ఐదువందల యాభై. రెండోది ఐదువందల యాభై. మూడు, నాలుగు కూడా అంతే. అతని మొహంలోకి చూడలేక ఐదోది తీసి పెట్టాను. ఏడువందల అరవై. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఆరోది ఏడువందల అరవై. పద్నాలుగో దాకా ప్రతిదీ ఏడువందల అరవైయే. పాలకవరు వెనక రాసి కూడాను. తొమ్మిది కిలోల ఎనిమిదివందలు. పద్నాలుగు ఏడువందలు ఎంత? తొమ్మిది కిలోల ఎనిమిదివందలే. ఒక్క గ్రాము అటూ ఇటూ లేదు.

"ఇదేంట్రా మరి, ముందు తగ్గించి తర్వాత పెంచడం?"

"మొదటి నాలుగు రోజులూ ఎవరూ సరిగ్గా తినరు పిన్నీ. ఒళ్ళు అలిసిపోయి తిండి మీదికి మనసు పోదు. అందరూ ఆ నాలుగింటిలోనే మిగిల్చి తెచ్చేవాళ్ళు. ఐదో రోజు నుంచి మొదలవుతుంది ఆకలి. అప్పుడు ఏడువందలు పెట్టినా కవరు చింపి లోపలంతా నాకేవాళ్ళు. అందుకని ముందుది తీసి వెనక వేశాను."

"ఈ ముక్క ఆ రోజే నలుగురిలో చెప్పుంటే ఏం పోయింది? నోట్లో ఏం పెట్టుకున్నావు?"

అతను పొట్లాలన్నీ అంకెల వరసలో మళ్ళీ పెట్టెలో సర్దాడు. "గ్రాములు సరిపోయాయని చెప్తే వాడు లేచి వస్తాడా" అన్నాడు, నా వైపు చూడకుండానే.

నేను ఆ పాలకవరు పట్టుకుని తిన్నగా ఇస్త్రీ దుకాణానికి వెళ్ళాను. మరదలు ఎవరిదో చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది. లెక్క మొత్తం చదివి వినిపించాను. ఆ పిల్ల చెయ్యి ఆగలేదు.

"గ్రాములు నాకెందుకు పిన్నిగారూ, నాకు మనిషి కావాలి."

"మనిషి రాడమ్మా. ఉన్న మనిషిని ఎందుకు చంపుకుంటావు? మూడు నెలల్లో సగమైపోయాడు."

కాసేపటికి ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. "సరే, తూకం సరిపోయిందనుకుందాం. వానపొట్లం మాటేంటి? మాస్టారి సంచిలో ఉందట, ఈయన సంచిలో లేదట. బావగారు తప్పకుండా పెడతారని ఊరంతా అంటారే, ఈయనకి మాత్రం ఎందుకు లేదు?"

ఆ ప్రశ్నకి నా ఎక్కాలు పనికిరావు. వీధి అవతలే స్కూలు. మాస్టార్ని పిలిపించాను. ఆయన చేతులకి రంగులతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మనిషి ఇంకా తేరుకోలేదు, రెండు కాలివేళ్ళు ఆ చలికే పోయాయి.

"మొదటి రోజు రాత్రి సంచి విప్పినప్పుడే లేదమ్మా. నీదేదీ అని అడిగాను. బరువెందుకు మాస్టారూ అన్నాడు. అంతే, ఇంకేం చెప్పలేదు. దారిలో పారేశాడేమో అనుకున్నాను."

మరదలు గోడకి ఆనుకుని కూర్చుంది. "పారేసే ఉంటారు. బయల్దేరే రోజు పొద్దున పళ్ళ బ్రష్షు పిడి సగానికి కోసేశారు, బరువని. దువ్వెన విరిచి సగం ఇంట్లో వదిలేశారు. కిలో దించితే మోకాళ్ళకి పండగ అన్నారు. నేను నవ్వాను." తర్వాత చాలాసేపు ఏడ్చింది. మాస్టారు తల తిప్పుకుని నిలబడ్డాడు. నేను ఆపలేదు. ఏడవాల్సిన ఏడుపు అది, మూడు నెలలుగా కోపం అడ్డం పెట్టుకుని దాచుకుంది.

కళ్ళు తుడుచుకుని లేచాక, "బావగారి కంచం కడిగి అటక మీద పడేశాను పిన్నిగారూ" అంది. "రేపు సాయంత్రం తిండికి రమ్మనండి. తప్పు నాదేనని చెప్పండి. లేదు, వద్దు, రమ్మనండి చాలు. నేనే చెప్పుకుంటాను."

నా వయసుకి పరుగెత్తకూడదు గానీ దాదాపు పరుగెత్తాను. అతను ఎండిన ఉల్లిపాయ పళ్ళెంలోంచి గీకుతున్నాడు. గుమ్మంలోంచే చెప్పేశాను, కంచం సంగతితో సహా. గీకడం ఆపి మంచం మీద కూర్చున్నాడు. సంతోషిస్తాడనుకున్నాను. వంగని మోకాలిని రెండు చేతులా పట్టుకుని నేల చూస్తూ ఉండిపోయాడు. చెక్కపెట్టెలో ఫ్యాను గుర్రుమంటోంది.

"ఏంట్రా, వెళ్ళవా?"

గీకుతున్న పళ్ళెం పక్కకి జరిపాడు.

చెప్పాల్సింది చెప్పాను కదా, అక్కడితో ఇంటికి పోతే బాగుండేది. కానీ మాస్టారి మాట నా బుర్రలో తొలుస్తూనే ఉంది. మొదటి రాత్రికే లేని పొట్లం ఏమైంది? ఆ సాయంత్రం సంచి దగ్గరే కూర్చున్నాను, మాస్టారితో మాటల్లో పడి అతను అది పెట్టడం చూశానో లేదో గుర్తు లేదు. ఇన్నాళ్ళూ ఊరంతా ఊహించింది గానీ అతన్ని నేరుగా అడిగినవాళ్ళు లేరు. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"అన్నీ తేలిపోయాయి గానీ నాయనా, వానపొట్లం ఒక్కటి తేలలేదు. పెట్టావా, పెట్టలేదా? నాకు చెప్పు."

"పెట్టాను పిన్నీ. నేను టీ కోసం లోపలికి వెళ్ళినప్పుడు వాడు తీసి ఈ మంచం కిందకి తోసేశాడు. పొద్దున ఊడుస్తుంటే చీపురుకి తగిలింది. వాళ్ళింకా బస్సు దగ్గరే ఉన్నారు, ఈ గుమ్మంలోంచి కనబడుతున్నారు కూడా. పొట్లం పట్టుకుని గుమ్మం దిగాను. మంచం దిగనివాడన్నాడు కదా, సరే, ఒక్కపూట ఆకలేస్తే వాడికే తెలుస్తుందిలే అనుకుని లోపలికి వచ్చేశాను."